మడికొండకు వచ్చిన కాళోజీ వారు



ఈ పూట ఒక కుటుంబం గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఆ ఇంటాయన పేరు మీద ఇవాళ వరంగల్‌లో వైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఆయన పుట్టినరోజునే తెలంగాణ అంతటా భాషా దినోత్సవం చేస్తున్నారు. పేరు చెప్పకుండానే మీకు తెలిసిపోయి ఉంటుంది. కాళోజీ. అయితే కాళోజీ కవిత్వం మీద సభల్లో చాలామంది పెద్దలు మాట్లాడారు, ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. ఈ ప్రసంగం కవిత్వం గురించి కాదు. బయటినుంచి వచ్చి మన గడ్డ మీద నిలబడిన ఒక ఇంటి చరిత్ర గురించి.

వర్ధన్నపేట శ్రోతలకు ఈ కథ దగ్గరిది. కాళోజీ కుటుంబం స్థిరపడిన ఊరు మడికొండ. కాజీపేట పక్కన, మెట్టుగుట్ట రామలింగేశ్వరస్వామి నీడన ఉన్న ఊరు. ఆ మడికొండ ఇవాళ వర్ధన్నపేట శాసనసభ నియోజకవర్గంలోనే ఉంది. అంటే మీ ఎమ్మెల్యేకు ఓటు వేసే ఊళ్ళలో అదీ ఒకటి. ఇంకో ముడి కూడా ఉంది, అది 1952 ఎన్నికల ముచ్చట. దాని దగ్గరికి కాసేపట్లో వద్దాం.

కాళోజీ పుట్టింది 1914 సెప్టెంబరు 9న. పుట్టిన ఊరు రట్టిహళ్ళి, ఇప్పటి కర్ణాటకలో ఉంది. తండ్రి రంగారావుగారిది మరాఠీ మూలం. తల్లి రమాయమ్మగారిది కన్నడం. ఆ పిల్లవాడికి పెట్టిన పూర్తి పేరు వింటే ఆ ఇంటి పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయి: రఘువీర్ నారాయణ్ లక్ష్మీకాంత్ శ్రీనివాసరావు రామరాజ కాళోజీ. అంత పొడుగు పేరులో ఓరుగల్లు జనం చివరి ముక్కను ఉంచుకున్నారు. ఆ ముక్కే చాలింది.

పసిగుడ్డుగా ఉండగానే కాళోజీ నారాయణరావుకు తల్లి పోయింది. తల్లి నోటినుంచి కన్నడం వినే వయసైనా రాలేదు. ఆ బిడ్డను పెంచింది అన్నయ్య రామేశ్వరరావు. ఆ అన్నయ్యకైనా వయసెంత? తమ్ముడికంటే ఆరేళ్ళు పెద్ద. తల్లిలేని ఇంట్లో తమ్ముణ్ణి చంకనేసుకుని తిరిగిన పిల్లవాడన్నమాట. కాళోజీ బతికినంతకాలం అన్నయ్యను తన ఆరవ ప్రాణం అని చెప్పుకున్నారు. మనిషికి పంచప్రాణాలంటారు కదా, ఆయనకు మాత్రం ఆరు.

మనవాళ్ళు కాళోజీని తలుచుకున్నప్పుడు ఈ రామేశ్వరరావుగారిని తగినంతగా తలుచుకోరని నాకు ఎప్పటినుంచో బాధ. ఆయన వకీలు. ఉర్దూ కవి కూడా. ‘షాద్’ అనే కలం పేరుతో రాసేవారు. మరాఠీ తండ్రికి, కన్నడ తల్లికి పుట్టి, తెలుగు ఊళ్ళో పెరిగినాయన ఉర్దూలో కవిత్వం చెప్పడం ఈనాటి పిల్లలకు వింతగా ఉండొచ్చు. ఆ రోజులకు అది వింత కాదు. నిజాం రాజ్యంలో 1880ల నుంచి కచేరీ భాష ఉర్దూ. కోర్టులో వాదించాలన్నా, తహసీలుకు అర్జీ పెట్టుకోవాలన్నా ఉర్దూయే కావాలి. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం పై చదువులన్నీ ఉర్దూలోనే చెప్పింది. చదువుకున్నవాడి చేతికి ముందు అందేది ఆ భాష. అందులో వకాల్తా నడిపినవాళ్ళు వందలమంది ఉంటారు. రామేశ్వరరావుగారు దానిలోనే మనసు కూడా పెట్టి కవి అయ్యారు.

తమ్ముడు ప్రాథమిక చదువు మడికొండలో చదువుకున్నారు. తర్వాత హైదరాబాదు, హనుమకొండ, చివరికి 1939లో న్యాయశాస్త్ర పట్టా. తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం, హిందీ, ఇంగ్లీషు, ఇన్ని తెలిసిన మనిషి. ఏ భాషలోనైనా రాయగలిగినవాడు. అయినా నాలుక మీద నిలుపుకున్నది మాత్రం మడికొండ వీధుల్లో విన్న తెలుగును. బళ్ళో పుస్తకం నేర్పే తెలుగు వేరు, నాగలి పట్టినవాడు, మగ్గం మీద కూర్చున్నవాడు మాట్లాడే తెలుగు వేరుగా ఉన్న కాలమది. ఈ రెండో తెలుగులోనే రాస్తానని పట్టుబట్టారు కాళోజీ. ఆ మాటలు మొరటు మాటలని నవ్విన పండితులున్నారు. ఆయన జంకలేదు. జీవితాంతం అలాగే రాశారు, అలాగే మాట్లాడారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తెలంగాణ వాడుక భాషకు ఇవాళ మనం పెద్దదిక్కుగా చెప్పుకునే మనిషి ఇంటి భాష తెలుగు కాదు. మనకు మన నుడి గౌరవమైనదని గట్టిగా చెప్పిన మనిషి మరాఠీ, కన్నడ ఇంటినుంచి వచ్చాడు. నేను ఈ పూట చెప్పదలచుకున్నదంతా ఇక్కడే ఉంది. ఒక కుటుంబం ఒక ఊరిది కావడానికి ఏళ్ళ లెక్క చాలదు. ఆ ఊరి మాటను, ఆ ఊరి కష్టాన్ని తనదనుకోవాలి. అనుకున్ననాడు ఊరు కూడా వెనకాడదు.

ఆ రోజుల ఓరుగల్లు గురించి కొంచెం చెప్పుకోవాలి. లేకపోతే కాళోజీ వారి ఇల్లు ఒక వింతగా మిగిలిపోతుంది. నిజానికి మన ప్రాంతం ఎప్పుడూ ఒకే జనంతో లేదు. పాత హైదరాబాదు రాష్ట్రంలో పదహారు జిల్లాలుంటే ఎనిమిది తెలుగువి, ఐదు మరాఠీవి, మూడు కన్నడవి. మూడు భాషల జనం ఒకే సర్కారు కింద, ఒకే కోర్టుల్లో, ఒకే రైలు పెట్టెల్లో కలుసుకునేవాళ్ళు.

అంతకంటే పాత సాక్ష్యం వర్ధన్నపేట పక్కనే ఉంది. ఐనవోలు మల్లన్న. ఇప్పుడు ఐనవోలు వేరే మండలమైంది గానీ మొన్నమొన్నటిదాకా వర్ధన్నపేట మండలంలోని ఊరే కదా. సంక్రాంతికి మొదలై ఉగాదిదాకా సాగే ఆ జాతరకు వెళ్ళని ఇల్లు మీ చుట్టుపక్కల ఉండదు. ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, పసుపు బండారు చల్లి, బలిజ మేడలమ్మ, గొల్ల కేతమ్మల కథ చెబుతారు. ఆ మల్లన్నే మహారాష్ట్రలో జెజురి కొండ మీద ఖండోబా. అక్కడా పసుపే చల్లుతారు. అక్కడా ఇద్దరు భార్యల కథే చెబుతారు. కర్ణాటకలో ఆయనే మైలారలింగడు. గొర్ల కాపరులు, బాటసారులు, సంత వ్యాపారులు ఆ దేవుణ్ణి వెంటబెట్టుకుని మూడు నేలల మీదా తిరిగారు. మరాఠీ, కన్నడ, తెలుగు మాటలు ఒకదానికొకటి కొత్త కాదని ఐనవోలు గుడి ముందు నిలబడితే తెలుస్తుంది. కాళోజీ వారు అలాంటి నేల మీదకు వచ్చారు.

వచ్చినవాళ్ళు వాళ్ళొక్కరే కాదు. మీ తండాల సంగతే చూడండి. లంబాడీలు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ వేసుకుని దేశమంతా తిరిగిన సరుకు రవాణా జనం. మొగలు సైన్యాల వెంట దక్కనుకు తిండిగింజలు మోసుకొచ్చింది వాళ్ళే. రైలు వచ్చాక ఆ బతుకు తెగింది. మన దగ్గర కాజీపేట మీదుగా బెజవాడ రైలు 1889లో కలిసింది. ఎడ్ల బిడారు చేసే పనిని రైలు పెట్టె చేసింది. బిడారు జనం ఎక్కడి గుట్ట దగ్గర దిగితే అక్కడే తండా కట్టుకుని సేద్యంలో పడ్డారు. ఇంట్లో గోరు భాష మాట్లాడుతూనే బయట మనకంటే చక్కటి ఓరుగల్లు తెలుగు మాట్లాడతారు. 2018లో తెలంగాణలో తండాలు గ్రామపంచాయతీలయ్యాయి. తరాలపాటు ఏదో ఒక ఊరికి తోకగా ఉన్న తండా తన సర్పంచిని తాను ఎన్నుకునే రోజు వచ్చింది. ఆలస్యంగానైనా జరిగిన న్యాయమది.

తర్వాత వచ్చినవాళ్ళు కోస్తా రైతులు. మన వాడుకలో గుంటూరోళ్ళు. వాళ్ళ రాకకూ ఒక లెక్క ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట, బెజవాడ ఆనకట్ట 1850ల్లో కట్టాక డెల్టాలో భూమి బంగారమైంది. రెండు మూడు తరాలు గడిచేసరికి అక్కడ కుటుంబాలు పెరిగి భూమి ముక్కలైంది. అక్కడ ఒక ఎకరం అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాలు వచ్చేవి. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయ్యాక నిజామాబాదు జిల్లాలో వాళ్ళ క్యాంపులు లేచాయి. తరువాతి దశాబ్దాల్లో వరంగల్ జిల్లా రేగళ్ళకూ వచ్చారు. పత్తి, మిర్చి సేద్యంలో వాళ్ళ చేతివాటం మన రైతులు చూశారు, నేర్చుకున్నారు. అదే సమయంలో చవకగా చేజారిన భూముల బాధ కూడా మన ఊళ్ళలో ఉంది. రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచడం సరికాదు. 1956 ఫిబ్రవరి 20న జరిగిన పెద్దమనుషుల ఒప్పందంలో తెలంగాణ వ్యవసాయ భూముల అమ్మకం మీద కట్టడి ఉండాలని రాసుకున్నారంటే, ఆ భయం ఎంత గట్టిదో తెలుస్తుంది. ఆ కట్టడి అమలైన తీరు మీద జనం అసంతృప్తి అంతకంటే గట్టిది.

ఇక ముందు అన్న 1952 ముచ్చటకు వద్దాం.

స్వతంత్ర భారతంలో మొదటి సాధారణ ఎన్నికలు. తెలంగాణ సాయుధ పోరాటం 1951 అక్టోబరులో ఆగింది. కమ్యూనిస్టులు పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ పేరుతో పోటీకి దిగారు. చిన్నపెండ్యాలకు చెందిన పెండ్యాల రాఘవరావుగారు ఆ ఫ్రంట్ తరఫున ఒకేసారి మూడు చోట్ల నిలబడ్డారు. వరంగల్ లోక్‌సభకు, హనుమకొండ శాసనసభకు, మన వర్ధన్నపేట శాసనసభకు. మూడింటా గెలిచారు. వరంగల్ లోక్‌సభ పోటీలో ఆయన చేతిలో ఓడిపోయిన కాంగ్రెసు అభ్యర్థి కాళోజీ నారాయణరావు.

ఆ ఎన్నికలో ఓటర్లను పట్టి ఊపిన విషయం దున్నేవాడికి భూమి. దొరల గడీల మీద తిరగబడ్డ పల్లెలు ఆ పోరాటం చేసినవాళ్ళకు ఓటు వేశాయి. ఓడిన కాళోజీ అలిగి ఇంట్లో కూర్చోలేదు, ఊరు విడిచిపోలేదు. మరుసటి ఏడాది, 1953లో ఆయన కవితల సంపుటి ‘నా గొడవ’ అలంపురం సభల్లో వెలువడింది. ఆవిష్కరించిన శ్రీశ్రీ ఆయనను ఫ్రెంచి కవి లూయీ అరగాన్‌తో పోల్చారు. ఓట్ల పెట్టెలో ఓడిన మనిషి జనం నోట్లో గెలిచాడు. నా దృష్టిలో రెండో గెలుపు పెద్దది.

అదే 1952లో, ఎన్నికలు ముగిసిన కొద్ది నెలలకు, అదే వరంగల్‌లో మరో అగ్గి రాజుకుంది. ముల్కీ, అంటే స్థానికుల, ఉద్యమం. హైదరాబాదును భారతదేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత బయటి ప్రాంతాలవాళ్ళు దొంగ సర్టిఫికెట్లతో ఇక్కడి ఉద్యోగాల్లో చేరుతున్నారని, ముఖ్యంగా బడిపంతుళ్ళ కొలువుల్లో స్థానికులకు అన్యాయం జరుగుతోందని హనుమకొండ, వరంగల్ విద్యార్థులు రోడ్డెక్కారు. నాన్ ముల్కీ గో బ్యాక్ అన్న కేక అక్కడ మొదలై హైదరాబాదు చేరింది. సెప్టెంబరు మొదటివారంలో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. చదువుకున్న పిల్లలకు ఇంటి ముందరి కొలువు దక్కకపోతే కడుపు మండదా? ఆ మంట న్యాయమైనది.

ముల్కీ నిబంధన ఏం చెప్పిందో వినండి. హైదరాబాదు రాష్ట్రంలో కనీసం పదిహేనేళ్ళు స్థిరంగా నివసించి ఉండాలి. వచ్చిన చోటికి తిరిగివెళ్ళే ఆలోచన మానుకున్నానని మేజిస్ట్రేటు ముందు అఫిడవిట్ ఇవ్వాలి. అప్పుడు మనిషి ముల్కీ అవుతాడు. ఉద్యోగాల పంపకానికి ఇలాంటి కొలబద్ద కావాలి, కాదనను. పదిహేనేళ్ళు, ఒక కాగితం, ఒక ముద్ర. సర్కారు కొలవగలిగింది అంతవరకే. మడికొండ జనం కాళోజీ వారిని కొలిచిన తీరు వేరు.

వాళ్ళు చూసింది ఏమిటి? భగత్ సింగ్‌ను ఉరితీసిన వార్త విని పదిహేడో ఏట కవిత రాసిన కుర్రవాణ్ణి చూశారు. ఆర్యసమాజంలో, గ్రంథాలయోద్యమంలో, వందేమాతరం సత్యాగ్రహంలో తిరిగిన యువకుణ్ణి చూశారు. నిజాం కాలంలో తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటు ఉండటమే పెద్ద మాట. హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లోనే వెలిసింది. అన్నట్టు, ఆ నిలయం పుట్టుక వెనక ఉన్న మాడపాటి హనుమంతరావుగారు కూడా కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో పుట్టి ఇటు వచ్చి, కొంతకాలం హనుమకొండలో నౌకరీ చేసినవారే. తెలంగాణ ఆయనను ఆంధ్ర పితామహుడని పిలుచుకుంది. హైదరాబాదులో ఆడపిల్లలకు తెలుగులో చదువు చెప్పే బడిని ఆయన నిలబెట్టారు. వచ్చినవాళ్ళందరూ దోచుకోవడానికే రాలేదని చెప్పడానికి ఆ ఒక్క బడి చాలు.

కాళోజీని ఓరుగల్లు ఇంకా దగ్గరగా చూసిన సందర్భాలున్నాయి. నిజాం కొమ్ము కాసిన రజాకార్ల దౌర్జన్యం నడుస్తున్నప్పుడు వరంగల్‌లో ఆంధ్ర సారస్వత పరిషత్తు మహాసభలు జరగకుండా చేయాలని వాళ్ళు చూశారు. పందిళ్ళు తగలబడ్డా సభలు ఆగకుండా నిలబెట్టినవాళ్ళలో కాళోజీ ముందున్నారు. 1946లో వరంగల్ కోటలో జాతీయ జెండా ఎగరేయబోయినందుకు ఆయనకు నగర బహిష్కరణ శిక్ష పడింది. ఆ ఏడాదే అదే కోటలో జెండా కోసం బత్తిని మొగిలయ్యగౌడ్ ప్రాణమిచ్చారు.

ఇంతటి మనిషికి తప్పుకోవడానికి వేరే చోటు లేక కాదు. వకాల్తా పట్టా ఉంది, ఆరు భాషలు చేతిలో ఉన్నాయి. ఎక్కడైనా బతకగలరు. బహిష్కరణ కాలం తీరగానే మళ్ళీ ఓరుగల్లుకే వచ్చారు. తిరిగివెళ్ళే ఆలోచన మానుకున్నానని ఏ మేజిస్ట్రేటూ ఆయనను అడగలేదు.

ఇంట్లో ఆడవాళ్ళ మాట చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. 1940లో కాళోజీ పెళ్ళి రుక్మిణీబాయిగారితో జరిగింది. జైలు, బహిష్కరణ, ఓడిపోయే ఎన్నికలు, ఎప్పుడు చూసినా ఇంటినిండా వచ్చిపోయే జనం. సంపాదన మీద ధ్యాసలేని మనిషితో ఆ సంసారం నెట్టుకురావడం మాటలు కాదు. జైలుకు వెళ్ళినవాడి పేరు చరిత్రలోకి ఎక్కుతుంది. ఇంట్లో పొయ్యి ఆరకుండా చూసినామె పేరు ఒక్క వాక్యంలో ముగుస్తుంది. వలస వచ్చిన కుటుంబాల చరిత్రలన్నిటా ఇదే లోటు. కొత్త ఊళ్ళో నీళ్ళబావి దగ్గర మొదట మాట కలిపింది ఆడవాళ్ళే. పండుగ పూట పక్కింటికి గిన్నె పంపింది ఆడవాళ్ళే. ఊరికీ ఇంటికీ బంధం అక్కడ పడుతుంది. దానికి పట్టా ఉండదు, పహాణీ ఉండదు.

తర్వాతి సంగతులు మీలో చాలామందికి తెలుసు గనుక త్వరగా చెప్పి ముందుకు పోతాను. 1958లో శాసనమండలికి వెళ్ళి రెండేళ్ళున్నారు. మొదట విశాలాంధ్రను మనసారా కోరినవారే, జరిగింది చూశాక 1969లో ప్రత్యేక తెలంగాణ వైపు నిలిచారు. ఎమర్జెన్సీ తర్వాత ఎన్‌కౌంటర్ల మీద విచారించిన తార్కుండే కమిటీలో సభ్యులయ్యారు. 1978లో అప్పటి ముఖ్యమంత్రి వెంగళరావుమీద సత్తుపల్లిలో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. గెలుస్తానని కాదు, ఎవరో ఒకరు ఎదురు నిలబడాలి గనుక. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది.

వీటన్నిటిలో నాకు ముఖ్యంగా తోచేది 1969 నాటి ఆయన తీరు. ప్రత్యేక రాష్ట్రం కావాలన్నారు. బయటివాళ్ళ దోపిడీని ఎండగట్టారు. అక్కడితో ఆగలేదు. మన ప్రాంతంవాడే మనల్ని దోచుకుంటే వాణ్ణి అంతకంటే గట్టిగా శిక్షించాలన్నారు. బయటివాడి దోపిడీనీ లోపలివాడి దోపిడీనీ ఒకే తక్కెడలో వేసి, లోపలివాడి వైపు ఇంకొంచెం బరువు పెట్టారు. ఈ మాట అనడానికి ఆయనకు హక్కుంది. తాను బయటినుంచి వచ్చిన ఇంటి బిడ్డనని ఎవరైనా ఎత్తిపొడుస్తారేమోనన్న జంకు ఆయనకు లేదు. అలా ఎత్తిపొడవాలన్న ఆలోచన ఓరుగల్లు జనానికీ రాలేదు. పుట్టుక అడగడం కంటే ప్రవర్తన అడగడం మంచిదన్న ఇంగితం మన ప్రాంతానికి ఉంది. దాన్ని పోగొట్టుకోకూడదు.

ఇందులో మరో కోణం చూడాలి. మరాఠీ కుటుంబం మడికొండకు వచ్చింది. మరి మనవాళ్ళో? మన పద్మశాలీలు మగ్గం పనికోసం షోలాపూర్ వెళ్ళారు, భీవండి వెళ్ళారు, సూరత్ వెళ్ళారు. షోలాపూర్‌లో మన తెలుగు నేతన్నల ఇళ్ళు నూరేళ్ళకు పైబడి ఉన్నాయి. వాళ్ళ పిల్లలు మరాఠీ బళ్ళలో చదివారు. మిల్లు కార్మికుల, బీడీ కార్మికుల పోరాటాల్లో ఎదిగిన నరసయ్య ఆడం తెలుగు ఇంటి బిడ్డ. ఆయనను షోలాపూర్ ప్రజలు ఒకటికంటే ఎక్కువసార్లు మహారాష్ట్ర శాసనసభకు పంపారు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు చివరికి మూతపడ్డాక మరిన్ని కుటుంబాలు ఆ దారి పట్టాయి. వాళ్ళను అక్కడ ఎవరైనా పరాయివాళ్ళని వెళ్ళగొడితే మనకెలా ఉంటుంది? ఆ ప్రశ్న మనసులో పెట్టుకుంటే, మన ఊరికొచ్చినవాళ్ళతో ఎలా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు. దుబాయి, అమెరికా వెళ్ళిన మన పిల్లల తలుపు ముందూ ఇదే ప్రశ్న నిలబడి ఉంది.

రామేశ్వరరావుగారు పెద్ద వయసులో 1996లో కన్నుమూశారు. తమ్ముడు 2002 నవంబరు 13న వెళ్ళిపోయారు. పోతూపోతూ తన దేహాన్ని కాకతీయ వైద్య కళాశాలకు ఇచ్చారు, పిల్లలు చదువుకోవడానికి. రట్టిహళ్ళిలో మొదలైన ఆ దేహం వరంగల్ విద్యార్థుల చదువుకు పనికొచ్చింది. తరువాత రాష్ట్ర వైద్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. సర్కార్లు పేర్లు పెట్టడం మామూలే గానీ, ఈ పేరు మాత్రం సరిగ్గా అతికింది. 2024లో వరంగల్‌లో కాళోజీ కళాక్షేత్రం తలుపులు తెరిచింది. ఏళ్ళతరబడి ఎదురుచూసిన కట్టడం. ఇక దాన్ని జనంతో నింపే బాధ్యత మనది.

వర్ధన్నపేట శ్రోతలారా, మీతో ఒక మాట. కాళోజీ వారి చరిత్ర మనకు తెలియడానికి కారణం ఆ ఇంట్లో ఒక కవి పుట్టడం. ఆయన స్వీయచరిత్ర రాసుకున్నారు, చుట్టూ నలుగురూ రాశారు. మీ వీధిలో, మీ తండాలో, మీ శివారులో ఇలా వచ్చి నిలిచిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. ఆకేరు వాగు దాటి వచ్చిన ఇల్లు, కరువు తరిమితే వచ్చిన ఇల్లు, పత్తి వేయడానికి వచ్చి పత్తితోనే దెబ్బతిన్న ఇల్లు. ఆ ఇళ్ళలో కవులు పుట్టకపోవచ్చు. అంతమాత్రాన వాటికి చరిత్ర లేదని కాదు. వచ్చిన నాటి సంగతి చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు, కాని రోజురోజుకూ తగ్గిపోతున్నారు.

అందుకని నేను అడిగేది ఇదొక్కటే. ఈ ఆదివారం మీ ఇంట్లో, లేదా పక్కింట్లో, పెద్దమనిషి దగ్గర కూర్చోండి. ఏ ఊరినుంచి వచ్చారు? ఏ కరువుకు, ఏ పంటకు, ఏ పెళ్ళికి వచ్చారు? మొదటి రాత్రి ఎవరింట్లో పడుకున్నారు? మొదటి కారు విత్తనాలు ఎవరు అప్పిచ్చారు? అవ్వలను ఇంకా శ్రద్ధగా అడగండి, వాళ్ళకు గుర్తున్నది తాతలకు గుర్తుండదు. చెప్పింది చెప్పినట్టు, వాళ్ళ మాటల్లోనే, మీ పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. మాటలను బడి భాషలోకి దిద్దకండి. రాసిన పుస్తకం ఒకటి ఇంట్లో ఉంచి, ఇంకో ప్రతి మీ ఊరి బడికో గ్రంథాలయానికో ఇవ్వండి. సెప్టెంబరు 9న భాషా దినోత్సవం నాడు మీ పంతుళ్ళు ఆ పుస్తకంలోంచి ఒక పుట పిల్లలకు చదివి వినిపిస్తే, కాళోజీ పేరున చేయగలిగిన పండుగల్లో అంతకంటే మంచిది నాకు తోచడం లేదు.